తీవ్రమైన వ్యాయామం తరువాత కండరాల నొప్పి: ఉపశమనానికి ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా వయసు 41 సంవత్సరాలు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పద్నాలుగు నెలల విరామం తరువాత మొన్న శనివారం మళ్ళీ జిమ్‌లో అడుగుపెట్టాను. పాత అలవాటు మీద నమ్మకంతో తొలిరోజే భుజాల మీద బరువు పెట్టుకుని స్క్వాట్లు ఐదు సెట్లు, సెట్‌కు పది చొప్పున చేసి, ఆ వెంటనే చేతుల్లో డంబెల్స్ పట్టుకుని నడుస్తూ చేసే లంజెస్ నాలుగు విడతలు పూర్తిచేశాను. ఆ సాయంత్రం ఒంట్లో హుషారే తప్ప నొప్పి అన్నది లేదు. ఆదివారం పొద్దున మంచం దిగేటప్పుడు తొడలు కాస్త బిగుసుకున్నట్టు అనిపించింది. ఈరోజు సోమవారం, పరిస్థితి పూర్తిగా మారిపోయింది. తొడల ముందు భాగాన్ని వేలితో తాకినా సలుపుతోంది. కుర్చీలో కూర్చోవాలంటే రెండు చేతులూ బల్ల మీద ఆనించి, శరీరాన్ని కొద్దికొద్దిగా కిందికి వదలవలసి వస్తోంది. మెట్లు ఎక్కడం ఎలాగో సాధ్యమైంది కానీ, దిగేటప్పుడు మాత్రం కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగాను.

సలహాలు చాలానే వచ్చాయి, అయితే ఏ రెండింటికీ పొత్తు కుదరడం లేదు. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందనీ, దాన్ని వదిలించుకోవడానికి బాగా స్ట్రెచింగ్ చేయమనీ ట్రైనర్ అన్నారు. ఒక స్నేహితుడు మంచు నీళ్ళలో కూర్చోమన్నాడు, మరొకరు వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నారు. ముల్లును ముల్లుతోనే తీయాలంటూ అదే వ్యాయామాన్ని ఈరోజే మళ్ళీ చేయమన్నవారూ ఉన్నారు. వీటిలో దేనికి ఆధారం ఉంది? నొప్పి తగ్గించే మాత్ర వేసుకోవచ్చా? మళ్ళీ ఎప్పుడు వ్యాయామం చేయవచ్చు? ఏ లక్షణం కనిపిస్తే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి? నేను కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటాను. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు కనుక ఆ సంగతి కూడా రాస్తున్నాను.

జవాబు: ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్న సభ్యురాలు

మీరు రాసినదాంట్లో రెండు వివరాలు నాకు చాలా ఉపయోగపడ్డాయి. ఒకటి, వ్యాయామం చేసిన సాయంత్రం నొప్పి లేకపోవడం. రెండు, మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం కావడం. ఈ రెండూ కలిస్తే ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి అని దాదాపుగా చెప్పవచ్చు. జిమ్‌లలో దీన్నే డామ్స్ అంటారు. అలవాటు లేని శ్రమ చేసిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలలో మొదలవుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తారస్థాయికి చేరుతుంది, సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అంటే మీరిప్పుడు దాని శిఖరం మీద ఉన్నారు. రేపటి నుంచి తగ్గుముఖం పట్టాలి.

ముందుగా లాక్టిక్ ఆమ్లం మాట చూద్దాం, ఎందుకంటే తక్కిన తప్పు సలహాలు చాలావరకు అక్కడి నుంచే పుడుతున్నాయి. తీవ్రంగా శ్రమించినప్పుడు లాక్టేట్ (శరీరంలో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) పెరగడం నిజమే. అయితే వ్యాయామం ఆపిన గంట, గంటన్నర లోపే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, కాలేయం, కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. శనివారం పుట్టిన లాక్టేట్ సోమవారం మీ తొడల్లో ఉండే అవకాశమే లేదు. 1983లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ విషయాన్ని చక్కగా విడదీసి చూపించింది. అందులో సమతలం మీదా, వాలు దిగువకూ పరుగెత్తించి చూశారు. సమతలం మీద పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెరిగింది కానీ తరువాత చెప్పుకోదగ్గ నొప్పి రాలేదు. దిగువకు పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెద్దగా పెరగనేలేదు, నొప్పి మాత్రం బాగా వచ్చింది.

దిగువకు పరుగెత్తడంలో అంత ప్రత్యేకత ఏముందో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. కుడిచేతిలో ఏదైనా బరువు పట్టుకుని, ఎడమ అరచేతిని కుడి దండ మీద ఆనించండి. మోచేతిని మడిచి బరువును పైకెత్తినప్పుడు దండ కండరం పొట్టిగా అవుతూ గట్టిపడుతుంది. ఇప్పుడు అదే బరువును ఐదు సెకన్లు తీసుకుని నిదానంగా కిందికి దించండి. కండరం పొడుగవుతూ ఉంటుంది, అయినా మీ అరచేతి కింద అది సడలదు; బిగిసే ఉంటుంది. అంటే సాగుతూనే బ్రేకు వేస్తోందన్నమాట. ఇలా సాగుతూ బిగిసే పనిలో కండరంలోని పోగులమీద లాగుడు చాలా ఎక్కువగా పడుతుంది. స్క్వాట్‌లో కిందికి దిగడం, లంజ్‌లో మోకాలిని నేలవైపు దించడం, మెట్లు దిగడం, కుర్చీలో కూర్చోవడం, అన్నీ తొడ ముందు కండరాలకు ఇలాంటి పనులే. మీకు ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉన్నది ఇందుకే.

ఈ నొప్పికి కారణం కండరం లోపల జరిగే సూక్ష్మమైన చిట్లుళ్ళు అయి ఉండాలని థియోడర్ హఫ్ అనే శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. తరువాతి కాలంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, కండరపు పోగులలో వరుసగా ఉండవలసిన అడ్డగీతలు ఇలాంటి వ్యాయామం తరువాత అక్కడక్కడా చెదిరిపోయి కనిపించాయి. ఆ చోట మరమ్మతు కోసం శరీరం రక్షణ కణాలను పంపుతుంది, కొద్దిగా నీరు చేరుతుంది, అక్కడ విడుదలయ్యే రసాయనాలు నొప్పిని తెలిపే నాడుల కొసలను సున్నితంగా మారుస్తాయి. మామూలుగా అయితే తెలియనైనా తెలియని స్పర్శ మీకిప్పుడు సలుపుగా అనిపిస్తున్నది ఆ సున్నితత్వం వల్లనే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: నొప్పి ఎంత ఉందో దెబ్బ అంత ఉందని లెక్క కట్టడం కుదరదు. విపరీతంగా నొప్పి ఉన్నా కండరం పెద్దగా దెబ్బతినకపోవచ్చు. నొప్పి పూర్తిగా పోయిన తరువాత కూడా బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందువల్ల నొప్పిని తగ్గించడం వేరు, కండరం కోలుకోవడం వేరు అని విడిగా చూడటం మంచిది.

నొప్పి తగ్గించే మార్గాలలో నేను మొదట చెప్పేది తేలికైన కదలిక. పది నుంచి ఇరవై నిమిషాల నడక, ఒత్తిడి లేకుండా తేలికగా సైకిల్ తొక్కడం వంటివి చేస్తున్నంతసేపూ, ఆ తరువాత కొంతసేపూ నొప్పి స్పష్టంగా తగ్గుతుంది. ఈ ఉపశమనం తాత్కాలికమే, అయినా రోజులో రెండుమూడుసార్లు దాన్ని పొందవచ్చు కదా. మర్దన కూడా నిజంగా పనిచేస్తుంది. 99 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో ఇలాంటి నొప్పిని, అలసటను తగ్గించడంలో మర్దనకే అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించింది. ఒత్తిడి ఓర్చుకోగలిగినంత ఉంటే చాలు. పళ్ళు బిగపట్టి భరించే మర్దన వల్ల అదనపు లాభం లేదు. ఫోమ్ రోలర్ అనే గుండ్రని గొట్టం లాంటి సాధనం మీద తొడలను దొర్లించడం వల్ల కూడా కొంత మేలు ఉంటుంది. గోరువెచ్చని కాపడం బిగుతును సడలిస్తుంది, హాయిగా ఉంటే పెట్టుకోండి.

స్ట్రెచింగ్ సంగతి వేరు. దీనిమీద జరిగిన 12 పరీక్షలను, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. వ్యాయామానికి ముందు చేసినా, తరువాత చేసినా, రెండుసార్లూ చేసినా, వంద పాయింట్ల కొలమానం మీద నొప్పి తగ్గింది సగటున అర పాయింటు నుంచి నాలుగు పాయింట్ల వరకు మాత్రమే. అంత చిన్న తేడా మనిషికి తెలియను కూడా తెలియదు. కీళ్ళ కదలిక కోసం స్ట్రెచింగ్ చేయవచ్చు కానీ, ఇప్పటికే సాగి చెదిరిన కండరాన్ని ఈ రెండు మూడు రోజులలో బలవంతంగా ఇంకా సాగదీయవద్దని నా మాట.

మాత్రల విషయం. ఐబుప్రోఫెన్ వంటివి ఒకటి రెండు రోజులు ఉపశమనం ఇస్తాయి, అయితే శరీరంలో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు హాని చేయగలవు. కడుపులో పుండ్లు ఉన్నవారికీ, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారికీ ఇంకా ప్రమాదం. అలవాటుగా వాడటం వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది వారాల పాటు రోజూ 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ తీసుకుంటూ బరువులెత్తిన యువతీయువకుల తొడ కండరం, తక్కువ మోతాదు ఆస్పిరిన్ తీసుకున్నవారితో పోలిస్తే దాదాపు సగమే పెరిగింది. నొప్పి భరించగలిగేలా ఉంటే మాత్ర లేకుండానే గడపండి.

మీరు వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర స్టాటిన్ వర్గానికి చెందినది అయితే, ఈ సంగతి మీ వైద్యుడికి తప్పక చెప్పండి. ఆ మందులు కొందరిలో కండరాల నొప్పి కలిగిస్తాయి, అరుదుగా కండరం తీవ్రంగా దెబ్బతినడానికి కూడా కారణమవుతాయి. మీది వ్యాయామం వల్ల వచ్చిన నొప్పిలాగే ఉంది. అయినా ఈ వారంలో తగ్గకపోతే, లేదా మీరు అంతగా శ్రమ పెట్టని చేతులు, భుజాలు కూడా నొప్పి పెడితే ఆలోచించవలసి ఉంటుంది. వైద్యుడిని అడగకుండా మందు మాత్రం మానవద్దు.

జవాబు: దూరపు పరుగులు తీసే సభ్యుడు

ఫిజియోథెరపిస్టు గారు చెప్పిన వాలు పరుగు సంగతి నాకు అనుభవమే. ఏళ్ళ తరబడి సమతలం మీద పరుగెత్తిన నేను మొదటిసారి కొండదారిలో పందెం పూర్తిచేసినప్పుడు, ఎక్కడంలో ఊపిరి అందక ఆగినచోట్లు తప్ప కాళ్ళకు ఏ ఇబ్బందీ రాలేదు. చివరి ఎనిమిది కిలోమీటర్ల దిగుడు దారిని మాత్రం సంతోషంగా వేగంగా పరుగెత్తి, ఆ తరువాత మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. ఇప్పుడు అలాంటి పందేనికి ఆరు వారాల ముందు నుంచే వారానికి ఒకసారి చిన్న వాలు మీద దిగువకు పరుగెత్తుతాను. మొదటిసారి పది నిమిషాలు, ఆ తరువాత కొద్దికొద్దిగా ఎక్కువ. ఆ ఒక్క మార్పు వల్ల కలిగిన మేలు మంచు నీళ్ళ వల్ల, బిగుతు సాక్సుల వల్ల నాకెప్పుడూ కలగలేదు.

జవాబు: ఆసుపత్రి దాకా వెళ్ళివచ్చిన సభ్యురాలు

వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలని మీరు అడిగారు. ఆ ప్రశ్నకు నేను జవాబు రాయకపోతే తప్పవుతుంది.

మూడేళ్ళ క్రితం, చాలాకాలం వ్యాయామం మానేసిన తరువాత, ఒక బృంద శిక్షణలో చేరిన మొదటిరోజే కడ్డీ పట్టుకుని వేలాడుతూ పైకి లాక్కునే పుల్ అప్స్ దాదాపు అరవై చేశాను. పైకి సొంతంగా రాలేనప్పుడు ఎగిరి అందుకుని, అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి దిగమన్నారు. ఆపాలని నాకు అనిపించింది. ఇంకో విడత అంటూ శిక్షకుడు ప్రోత్సహించారు, అందరూ చేస్తున్నారని నేనూ చేశాను. మర్నాటి నుంచి మోచేతులు తొంభై డిగ్రీల దగ్గర బిగుసుకుపోయి చాపడానికి రాలేదు. జడ వేసుకోవడానికి చేతులు తలదాకా వెళ్ళలేదు. దీన్ని కూడా మామూలు నొప్పే అనుకుని రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఉదయం దండలు నున్నగా ఉబ్బిపోయి, చర్మం మెరుస్తూ కనిపించింది. మూత్రం పాలు కలపని టీ డికాక్షన్ రంగులో వచ్చింది.

రక్తపరీక్షలో క్రియాటిన్ కైనేజ్ అనే కండరపు ఎంజైము, మామూలుగా వందల్లో ఉండవలసింది, అరవై వేలు దాటింది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారని అప్పుడే మొదటిసారి విన్నాను. కండరపు కణాలు పెద్ద సంఖ్యలో పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీను రక్తంలో కలుస్తుంది. మూత్రానికి ఆ రంగు వచ్చేది దానివల్లనే. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కణాల నుంచి బయటపడిన పొటాషియం గుండె లయను కూడా తప్పించగలదు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కిస్తూ, రోజూ రెండుసార్లు రక్తపరీక్ష చేస్తూ ఉంచారు. నా మూత్రపిండాలు దెబ్బతినకుండా బయటపడ్డాయి, ఆలస్యంగా వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవలసి వచ్చినవారూ ఉన్నారని అక్కడి వైద్యులు చెప్పారు.

అందుకని ఈరోజే మీ మూత్రం రంగు చూసుకోండి. ఎర్రగా, గోధుమ రంగులో, నల్లని టీ రంగులో ఉన్నా, మూత్రం బాగా తగ్గిపోయినా, తొడలు గట్టిగా ఉబ్బినా, నొప్పి తగ్గవలసిన రోజుల్లో పెరుగుతున్నా, కాళ్ళలో బలం లేక నిలబడలేకపోయినా, జ్వరం, వాంతులు, అయోమయం ఉన్నా, తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఆ సమయంలో నొప్పి మాత్ర వేసుకుని చూద్దామని అనుకోవద్దు. నేను అలా రెండు మాత్రలు వేసుకున్నాను. అవి మూత్రపిండాలకు ఇంకా భారమని తరువాత తెలిసింది.

జవాబు: పోషకాహార నిపుణుడు

పై జవాబులో చెప్పిన లక్షణాలేవీ లేవని నిర్ధారించుకున్న తరువాతే నేను రాసేది చదవండి. ఆహారం నొప్పిని వెంటనే తగ్గించదు, మరమ్మతుకు కావలసిన సరుకు మాత్రం అదే ఇస్తుంది. బరువులెత్తేవారికి రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీను సరిపోతుందని 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ తేల్చింది. 72 కిలోల మనిషికి అది రోజుకు 115 గ్రాములు. దాన్ని ఒకే పూట తినకుండా నాలుగు పూటలకు పంచుకుంటే పూటకు 29 గ్రాముల దాకా వస్తుంది, శరీరం దాన్ని చక్కగా వాడుకుంటుంది. వ్యాయామం ముగిసిన అరగంటలోపే ప్రొటీను తీసుకోకపోతే వృథా అన్న భయం అక్కర్లేదు. రోజు మొత్తంలో ఎంత తిన్నారన్నదే ముఖ్యం. భోజనంలో సరిపడా దొరుకుతున్నవారికి ప్రొటీన్ పౌడర్ ఒక సౌకర్యం మాత్రమే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ లెక్కలు తమకు తాముగా పాటించకూడదు.

పిండిపదార్థాలను మానేసి కోలుకోవాలనుకునేవారు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు, అది పొరపాటు. పిండిపదార్థాల నుంచి తయారై కండరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనం ఖర్చయిపోయినప్పుడు కాళ్ళు బరువెక్కుతాయి, మర్నాడు సత్తువ ఉండదు. రోజు విడిచి రోజు చేసేవారికి మామూలు భోజనంతోనే ఇరవై నాలుగు గంటల్లో ఆ నిల్వ నిండుతుంది. నీటి విషయంలో, వ్యాయామానికి ముందూ తరువాతా బరువు చూసుకుని, తగ్గిన ప్రతి కిలోకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర లీటర్ల ద్రవాన్ని కొన్ని గంటలలో నిదానంగా తాగాలి, కొంచెం ఉప్పు కూడా శరీరానికి అందాలి. దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ వట్టి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

విటమిన్ సి, విటమిన్ ఇ పెద్ద మోతాదుల్లో మింగడం వల్ల కండరాలు వ్యాయామానికి అలవాటుపడే ప్రక్రియే మందగించవచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆ డబ్బు ఆదా చేసుకుని, ఏడెనిమిది గంటలు నిద్రపోండి. గాఢనిద్రలోనే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది; నిద్ర తక్కువైన మనిషికి అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది కూడా.

జవాబు: బరువులెత్తే పోటీలకు తయారవుతున్న సభ్యుడు

ఎవరూ చల్లని నీళ్ళను లెక్కలోకి తీసుకుంటున్నట్టు లేదు. కాళ్ళ వ్యాయామం చేసిన ప్రతిరోజూ పన్నెండు నిమిషాలు చన్నీళ్ళ తొట్టిలో కూర్చుంటాను. మర్నాడు నొప్పి సగానికి సగం తగ్గుతుంది. పని చేస్తున్నదాన్ని ఎందుకు మానాలి?

జవాబు: ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్న సభ్యురాలు

మీ అనుభవం తప్పు కాదు. 17 చిన్న పరీక్షలను పరిశీలించిన 2012 నాటి కాక్రేన్ సమీక్షలో కూడా, ఊరికే విశ్రాంతి తీసుకున్నవారి కంటే చన్నీళ్ళలో కూర్చున్నవారికి నొప్పి తక్కువగా ఉంది. సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ నీటిలో, పది పదిహేను నిమిషాలు సరిపోతుంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు దీని జోలికి పోకూడదు. అయితే మీరు కోరుకునేది బలం కదా. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో పన్నెండు వారాల పాటు బరువులెత్తిన వెంటనే పది నిమిషాలు చన్నీళ్ళలో కూర్చున్నవారికి, తేలికగా సైకిల్ తొక్కి ముగించినవారి కంటే కండరమూ బలమూ తక్కువగా పెరిగాయి. మరమ్మతు కోసం శరీరం ఇచ్చే సంకేతాలనే చల్లదనం అణచివేస్తోందని దాని అర్థం. గాయాలకు విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తులో ఉంచడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే వైద్యుడే, మంచు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని 2014లో తన మాటను సవరించుకున్నారు.

కాబట్టి పోటీ ఈరోజూ ఉండి రేపూ ఉంటే చన్నీళ్ళు వాడుకోండి, ఎందుకంటే ఆ పూట మీకు కావలసింది రేపటికి కాళ్ళు తేలికపడటమే. బలం పెంచుకునే నెలల్లో మాత్రం ప్రతిసారీ వాడవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రి అనుభవం రాసిన సభ్యురాలి జవాబు చదివిన వెంటనే లేచి చూసుకున్నాను. మూత్రం లేత పసుపు రంగులోనే ఉంది, తొడల్లో వాపు లేదు. ఈ ఉదయం వైద్యుడికి ఫోన్ చేశాను. నా మాత్ర స్టాటినే. ప్రస్తుతానికి కొనసాగించమనీ, వారంలో తగ్గకపోతే క్రియాటిన్ కైనేజ్ పరీక్ష చేయించుకుని రమ్మనీ చెప్పారు. ఈరోజు బుధవారం, నిన్న మూడుసార్లు పదిహేను నిమిషాల చొప్పున నడిచాను. కుర్చీలో కూర్చోవడానికి ఇక చేతుల ఆసరా అవసరం పడటం లేదు. మళ్ళీ ఎప్పుడు, ఎంత చేయాలన్నది మాత్రం ఇంకా తెలియలేదు. పూర్తిగా నొప్పి పోయేదాకా ఆగాలా?

జవాబు: ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్న సభ్యురాలు

ఫోన్ చేసి మంచిపని చేశారు. ముల్లును ముల్లుతో తీయమన్నవారి మాటలో కొంత నిజం ఉంది, అయితే వారు రోజు తప్పుగా చెప్పారు. ఒకసారి ఇలాంటి శ్రమకు గురైన కండరం, అదే శ్రమ మరల ఎదురైనప్పుడు చాలా తక్కువగా దెబ్బతింటుంది. ఆ రక్షణ కొన్ని వారాల పాటు, కొందరిలో నెలల పాటు నిలుస్తుంది. నాడులు పనిని ఎక్కువ పోగుల మధ్య పంచడం నేర్చుకోవడం, పోగుల చుట్టూ ఉన్న పొరలు గట్టిపడటం వంటివి దీనికి కారణాలు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఈ రక్షణ పొందడానికి యాభై స్క్వాట్లు చేయనక్కరలేదు. మోచేతి కండరాల మీద చేసిన పరీక్షల్లో, బరువును ఆపుతూ దించే కదలికలు కేవలం ఆరు చేసినవారికి కూడా, రెండు వారాల తరువాత అలాంటివి ఇరవై నాలుగు చేసినప్పుడు కొంత రక్షణ లభించింది. మీరు శనివారం పడిన కష్టంలో పదోవంతు పడినా ఈ లాభం దక్కేదని నాకు బాధగా ఉంది. ట్రైనర్లు కొత్తగా వచ్చినవారికి చెప్పవలసిన మొదటి మాట ఇదే అయి ఉండాలి.

నొప్పి సున్నా అయ్యేదాకా ఆగనక్కరలేదు, కానీ తొడలకు మళ్ళీ బరువు పెట్టే ముందు మూడు పనులు చేసి చూడండి: కమ్మీ పట్టుకోకుండా, నిటారుగా మెట్లు దిగగలగాలి, చేతులు ఆనించకుండా కుర్చీలో మెల్లగా కూర్చుని లేవగలగాలి, తొడను అరచేతితో నొక్కినప్పుడు సలుపు కాకుండా కాస్త మొద్దుగా మాత్రమే తెలియాలి. అంతవరకు చేతులకు, వీపుకు తేలికగా వ్యాయామం చేసుకోవచ్చు. నొప్పితో ఉన్న కాళ్ళతో బరువులెత్తితే బలం తక్కువగా ఉండటమే కాక, తెలియకుండానే నడుము మీద, మోకాళ్ళ మీద భారం వేస్తారు. అసలు గాయాలు అలాగే అవుతాయి.

తిరిగి మొదలుపెట్టే రోజు ఐదు నిమిషాల నడకతో ఒళ్ళు వేడెక్కించి, బరువు లేకుండా స్క్వాట్లు పది చొప్పున రెండు సెట్లు చేసి ఆపేయండి. లంజెస్ ఈ విడతకు వద్దు. ఇంకా చేయగలననిపిస్తుంది, అప్పుడే ఆపాలి. నలభై ఎనిమిది గంటలు చూడండి. మెట్లు దిగడం ఇబ్బంది కాకపోతే తరువాతిసారి మూడో సెట్ కలపండి, ఆ తరువాతనే కొద్దిగా బరువు. సెట్లు, బరువు, లోతు, వీటిలో ఒకసారికి ఒక్కటే పెంచాలి. మీరు స్టాటిన్ వాడుతున్నారు కనుక ఈ నిదానం మీకు మరీ అవసరం.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పిన మూడు పరీక్షలలో మొదటి రెండూ శుక్రవారానికి, మూడవది శనివారానికి కుదిరాయి. ఇంకొక రోజు ఆగి సోమవారం, అంటే తొమ్మిదవ రోజున, జిమ్‌కు వెళ్ళి బరువు లేకుండా రెండు సెట్లు చేసి ఆపేశాను. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. ఇంతేనా అని ట్రైనర్ అడిగితే, మీరు రాసిన జవాబులను ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఓపికగా విని, దించే కదలికను అరచేతితో పరీక్షించే సంగతిని అక్కడే ఒక డంబెల్ తీసుకుని చేసి చూశారు.

ఈరోజు బుధవారం, నలభై ఎనిమిది గంటలు నిండాయి. తొడలు గట్టిగా నొక్కితే లీలగా తెలుస్తోంది, అంతకు మించి ఏమీ లేదు. పొద్దున మూడు అంతస్తుల మెట్లు ఎదురుగా చూస్తూ, కమ్మీ తాకకుండా దిగాను. రేపు మూడో సెట్ కలుపుతాను.